ఏ పానా సార్?

మొన్న హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక హార్డ్‌వేర్ దుకాణానికి పోయి "ఒక పానా ఇయ్యండి" అన్నాను. గల్లా దగ్గర కూచున్నాయన లేవలేదు.

"ఏ పానా సార్? నంబరుదా, స్క్రూదా, పైపుదా?"

"నల్లా విప్పేది."

"ఎంత?"

"అర ఇంచు."

"అర ఇంచు నల్లా సార్. నేనడిగేది పానా ఎంత అని."

వెనక నిలబడ్డ మేస్త్రీ నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. యాభై ఏళ్లు వచ్చినయి, ఇంట్లో నాలుగు పానాలు ఉన్నయి, అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పన్నెండు అందామా? పన్నెండు అంటే ఏమిటి? నోటి వెడల్పా, పిడి పొడవా, పైపు లావా? అన్నిటికీ నంబర్లున్నాయి, ఆ నంబర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఆ రోజు ఏదో ఒకటి కొనుక్కొచ్చి, సంగతేంటో మొదటి నుంచి కూడదీసుకుందామని కూచున్నాను.

ముందు మాట సంగతి. పానా అనేది ఒక వస్తువు పేరు కాదు, ఒక పని పేరు. పట్టుకుని తిప్పేది ఏదైనా పానాయే. బోల్టు తలను పట్టే ఇనుప పట్టీ నంబరు పానా. చిన్న చక్రం తిప్పితే నోరు పెద్దదీ చిన్నదీ అయ్యేది స్క్రూ పానా. పళ్లుండి గుండ్రటి పైపును కరిచేది పైపు పానా. గొలుసుతో చుట్టేది చైను పానా. చెక్కపని వాళ్లకు ఉలి అంటే ఉలే, బాడిస అంటే బాడిసే. పానా అట్లా కాదు. ముందు ఇంకో మాట తగిలించకపోతే సగం మాటే. దుకాణమాయన అడిగింది ఆ మిగతా సగాన్ని.

ఈ మాట మనకు పొలం నుంచి వచ్చింది కాదు, వర్క్‌షాపు నుంచి వచ్చింది. హిందీలోనూ పానాయే, మరాఠీలోనూ పానాయే. మన దిక్కు పనిముట్ల సంచీ విప్పి చూడండి, దాదాపు అన్నీ అదే దారిన వచ్చిన పేర్లే: పకడ్, పేచ్‌కస్ (స్క్రూ తిప్పేది), హతోడా, ఛేనీ, బర్మా, సబ్బల్. 1948 దాకా నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు పెట్టింది 1934లో. అంతకు ముందు నుంచే కాజీపేటలో రైలు ఉంది. యంత్రాలతో, ఆవిరితో చేసే పనంతా మనకు ఉర్దూ నోటితోనే పరిచయమైంది. వ్యవసాయం మాటలు అప్పటికే మన దగ్గరున్నాయి కాబట్టి నాగలి నాగలిగానే, గొర్రు గొర్రుగానే ఉండిపోయినయి. పేచ్‌కస్ లాంటివి మాత్రం మనకు కొత్త. వస్తువు, పేరు ఒకే బండిలో దిగినయి.

నల్లా కూడా అంతే. కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు కుళాయి అంటారు, మనం నల్లా అంటాం, నల్లా బిల్లు కడతాం. ఇందులో ఎవరి మాట అచ్చ తెలుగు అని పెళ్లిళ్లలో వాదన పెట్టుకునే వాళ్లున్నారు. ఇద్దరిదీ అరువే. నల్లా వెనక హిందీ నల్ ఉంది, దాని వెనక రెల్లుకాడ అనే అర్థమున్న సంస్కృతం మాట ఉంది. మన నాళం కూడా ఆ వంశమే. కుళాయి తమిళం మాట, గొట్టం అని అర్థం. అదే భాషలో కుళల్ అంటే గొట్టమూ, పిల్లనగ్రోవీ. అంటే ఇటువాళ్లు రెల్లుకాడ పేరు పెట్టుకున్నారు, అటువాళ్లు వేణువుకు చెల్లెలి పేరు పెట్టుకున్నారు. రెండూ నీళ్లు పోయే బోలుకాడే.

పేచ్‌కస్ ఇంకా తమాషా. పేచ్ అంటే పర్షియన్‌లో మెలిక. స్క్రూ మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి అది పేచ్ అయింది. మనం రోజూ అనే పేచీ కూడా దానికి దాయాదే: వ్యవహారంలో పడ్డ మెలిక. ఇంగ్లీషులో పానాకున్న రెండు పేర్లలో ఒకటి రెంచ్. పాత ఇంగ్లీషులో దాని క్రియకు మెలితిప్పడం అని అర్థం, నామవాచకానికి మోసం, జిత్తు అని అర్థం. మన దగ్గర కూడా సంతకం పెట్టే ముందు ఎవరైనా మెలిక పెడితే అర్థమేమిటో అందరికీ తెలుసు. మూడు చోట్లా మనుషులు తిప్పడాన్ని అనుమానంగానే చూశారు.

రెండో పేరు స్పానర్. ఇది జర్మన్ నుంచి వచ్చింది. అక్కడ స్పానెన్ అంటే లాగి బిగించడం. 17వ శతాబ్దం నాటి ఒక రకం తుపాకీలో నిప్పురవ్వ పుట్టించడానికి చిన్న ఉక్కు చక్రం ఉండేది. దాని స్ప్రింగును చుట్టి బిగించే తాళంచెవి లాంటిదే మొదటి స్పానర్. నల్లాలతో దానికి ఏ సంబంధమూ లేదు. తర్వాత బ్రిటన్ వాళ్లు నట్లు తిప్పే దానికల్లా స్పానర్ అన్నారు, అమెరికా వాళ్లు రెంచ్ అన్నారు. మనకు రెండు దేశాల సామాన్లూ వచ్చినయి, రెండు దేశాల పుస్తకాలూ వచ్చినయి. అందుకే ఐటీఐ పిల్లలు స్పానర్, రెంచ్ వేరువేరు వస్తువులనుకుని పరీక్ష ముందు తల పట్టుకుంటారు. స్థూలంగా మన దుకాణాల్లో స్థిరమైన నోరున్నది స్పానర్, పళ్లున్నది పైపు రెంచ్. నోరు మారేదాన్ని కొందరు స్క్రూ స్పానర్ అంటారు, కొందరు అడ్జస్టబుల్ రెంచ్ అంటారు. మేస్త్రీకి ఈ బాధ లేదు. ఆయనకు మూడూ పానాలే.

ఇప్పుడు నంబర్ల దగ్గరికొద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

నంబరు పానా మీద 12-13 అని చెక్కి ఉంటే, ఒక కొన నోరు 12 మిల్లీమీటర్లు, రెండో కొన 13. అంటే అది పట్టే తల ఎదురెదురు అంచుల మధ్య దూరం. బోల్టు సైజు కాదు. 8 మిల్లీమీటర్ల బోల్టు తల మామూలుగా 13 ఉంటుంది, 6 మిల్లీమీటర్లదానికి 10. బైకు మెకానిక్ దగ్గర పిలగాడు "అన్నా, ఎనిమిది బోల్టు" అంటే అన్న తల తిప్పకుండానే పదమూడు పానా అందిస్తాడు. ఈ కూడిక ఆ ఇద్దరి వేళ్లకు వచ్చు.

పాత బ్రిటిష్ యంత్రాల పానాలు దీనికి సరిగ్గా తలకిందులు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన 1841లో బోల్టు మీది మరల చుట్లకు ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఆయన పద్ధతిలో పానా మీద చెక్కేది బోల్టు లావు, నోటి వెడల్పు కాదు. అర ఇంచు అని ఉన్న పాత పానా నోరు అర ఇంచు కన్నా చాలా పెద్దది. తాత కాలం పానాల సంచీ దొరికితే వాటిమీది అంకెలు చూసి ఇవి తప్పు పానాలని పారేయకండి. వాటి లెక్క వేరు.

పైపు పానాకు వస్తే అంకె మళ్లీ ఇంకో దాన్ని చెబుతుంది. 12 ఇంచులు, 14 ఇంచులు, 18 ఇంచులు అంటే పానా పొడవు. నోరు కొంత దూరం దాకా ఎంతకంటే అంతకు తెరుచుకుంటుంది కాబట్టి దాన్ని చెప్పి లాభం లేదు. పిడి పొడవు చెబితే ఎంత బలం వస్తుందో తెలుస్తుంది. పిడి కొసన చేతితో 20 కిలోల బరువంత బలం పెడితే, 12 ఇంచుల పానాతో వచ్చే తిప్పుడు కన్నా 18 ఇంచులదానికి ఒకటిన్నర రెట్లు వస్తుంది. ఇంటి నల్లాలకు 12 గానీ 14 గానీ చాలు. కాబట్టి దుకాణంలో నేను చెప్పాల్సిన జవాబు "పన్నెండు ఇంచుల పైపు పానా". నాలుగు మాటలకు అంత పంచాయతీ.

ఇక "అర ఇంచు నల్లా" సంగతి. ఇది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. అందరూ కలిసి ఒప్పుకున్న అబద్ధం కాబట్టి నడుస్తోంది. అర ఇంచు అంటే 12.7 మిల్లీమీటర్లు. అర ఇంచు జీఐ పైపును, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపును, స్కేలుతో కొలిచి చూడండి. బయటి నుంచి దాదాపు 21 మిల్లీమీటర్లుంటుంది, లోపల దాదాపు 16. అర ఇంచు ఎక్కడా దొరకదు. పేరు పాతకాలపు లోపలి కొలత నుంచి వచ్చింది. తర్వాత ఇనుము నాణ్యత పెరిగి గోడ పలచబడింది. బయటి కొలత మార్చితే దేశంలో ఉన్న మరలన్నీ పనికిరావు కాబట్టి దాన్ని అట్లనే ఉంచారు, లోపల మాత్రం విశాలమైంది. గోడ మందం బట్టి పైపుల్లో లైట్, మీడియం, హెవీ రకాలుంటాయి. వాటిని పసుపు, నీలం, ఎరుపు పట్టీలతో గుర్తుపడతారు. మూడింటికీ లోపలి సందు వేరు, పేరు మాత్రం ఒకటే, అర ఇంచు.

ఇప్పుడు ఇళ్లల్లో వేస్తున్న లేత పసుపు రంగు సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు ఇంకో వంశం. దాని అర ఇంచు బయటి నుంచి దాదాపు 16 మిల్లీమీటర్లే, ఎందుకంటే దాని కొలతలు రాగి గొట్టాల నుంచి తీసుకున్నవి. అందుకే పాత జీఐ ముక్కకు కొత్త సీపీవీసీ నేరుగా అతకదు. మధ్యలో ఇత్తడి మర ఉన్న ముక్క పెట్టాలి. "రెండూ అర ఇంచే గదా" అని మేస్త్రీతో గొడవ పడే ఇంటి యజమానులను నేను చూశాను. ఒకసారి ఆ యజమానిని నేనే.

ఇంత రకరకాల లావు ఉన్నప్పుడు, పైగా పైపు గుండ్రంగా ఉన్నప్పుడు, దాన్ని పట్టేదెట్లా? బోల్టుకు ఆరు అంచులుంటాయి కాబట్టి పానాకు దొరుకుతుంది. పైపుకు అంచే లేదు. ఈ చిక్కును విడదీసిన మనిషి అమెరికాలో డేనియల్ స్టిల్సన్. వాల్‌వర్త్ అనే పైపుల కంపెనీలో పనిచేసేవాడు. ఆయన పానాకు 1869లో పేటెంటు వచ్చింది. చాలా దేశాల్లో పైపు పానాను ఇప్పటికీ స్టిల్సన్ అనే పిలుస్తారు.

ఆయన చేసిన తెలివైన పని ఒక దవడను వదులుగా పెట్టడం. పైపు పానా చేతిలోకి తీసుకుని పై దవడను కదిపి చూడండి, కొంచెం ఊగుతుంది. కొత్త పానా కొన్నవాళ్లు అది చూసి "లూజుంది, మార్చియ్యి" అని దుకాణానికి తిరిగొస్తారు. ఆ ఊపు లేకపోతే అది పైపు పానాయే కాదు. పిడిని నోరు తెరిచి ఉన్న వైపుకు లాగితే పై దవడ వంగుతుంది. వంగినకొద్దీ పళ్లు పైపులోకి దిగుతాయి. ఇంకా గట్టిగా లాగితే ఇంకా గట్టిగా కరుస్తుంది. మన బలమే పట్టు అవుతుంది. ఎదురుదిక్కుకు తిప్పితే పళ్లు వదిలేసి జారుతుంది. విప్పాలంటే పానాను తిరగేసి పెట్టాలి. ఇది తెలియక ఎదురుగా లాగి, పానా జారి, వేళ్ల గణుపులు గోడకు కొట్టుకున్నవాళ్లు మన వాడకట్టులో ఎంతమందో. పైపును నోట్లో గొంతుదాకా దూర్చకూడదు కూడా. పై దవడ వెనక గోడకూ పైపుకూ మధ్య వేలు పట్టేంత సందుండాలి. సందు లేకపోతే దవడ వంగదు, పళ్లు దిగవు.

వాట్సాప్‌లో తిరిగే ఒక కథ గురించి ఇక్కడే చెప్పాలి. మంకీ రెంచ్‌ను కనిపెట్టింది నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ అని, ఆయన్ను అవమానించడానికే ఆ పేరు పెట్టారని. జాన్సన్ గొప్ప బాక్సర్, నిజమే. 1922లో పానాలో ఒక మెరుగుదలకు ఆయనకు పేటెంటు వచ్చింది, అదీ నిజమే. కానీ మంకీ రెంచ్ అనే మాట అంతకు దశాబ్దాల ముందు నుంచే వాడుకలో ఉంది. మాంకీ అనే మనిషి పేరు మీద వచ్చిందనే ఇంకో కథ కూడా నిలబడదు. ఆయన దాన్ని కనిపెట్టాడని చెప్పే సంవత్సరాని కన్నా మాటే పాతది. వస్తువుగా చూసినా మంకీ రెంచ్ వేరు, పైపు పానా వేరు. దాని దవడలు నున్నగా, ఊగకుండా ఉంటాయి. నట్లకు పనికొస్తుంది, పైపు మీద జారుతుంది.

నున్న దవడ, పళ్ల దవడ తేడాను నేను మా స్నానాలగది నల్లా మీద నేర్చుకున్నాను. కొత్త నల్లా, అద్దంలా మెరుస్తోంది. కొంచెం కారుతోందని పైపు పానా పెట్టి ఒక్క గుంజు గుంజాను. కారడం ఆగింది. నల్లా మెడ చుట్టూ ఏదో కుక్క కరిచినట్టు పళ్ల గాట్లు పడ్డయి. ఎనిమిదేళ్లయింది, ఇంకా ఉన్నయి, ఎవరొచ్చినా మా ఆవిడ వాటిని చూపిస్తుంది. మెరుగు పూత ఉన్నదానికి స్క్రూ పానా వాడాలి, కింద గుడ్డ ముక్క పెట్టాలి. పైపు పానా గాయం చేసే పట్టుకుంటుంది. దాని పద్ధతే అది.

అసలు నల్లా కారేది బిగువు చాలకే అనుకోవడం కూడా తప్పు. పైపు చివర మర నిటారుగా ఉండదు, 16కు 1 చొప్పున సన్నబడుతుంది. లోపలికి పోయినకొద్దీ ఇరుకై ఒత్తుకుంటుంది. మిగిలిన సన్న సందులను పూడ్చేది చుట్టిన పొర. మా బాపు కాలంలో జనుము దారం చుట్టి సఫేదా అనే తెల్ల ముద్ద పూసేవాళ్లు. ఇప్పుడు తెల్ల టెఫ్లాన్ టేపు. అది మర తిరిగే దిక్కుకే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి బయటికొస్తుంది. సరిగా చుడితే చేతితో బిగినంత బిగించి పానాతో ఇంకో చుట్టో, చుట్టున్నరో చాలు. పిడికి ఇంకో పైపు తొడిగి వేలాడితే ప్లాస్టిక్ ఎల్బో, అంటే మలుపు ముక్క, పగులుతుంది. పగిలేది గోడ లోపల, కనిపించేది వారం తర్వాత పక్కగదిలో చెమ్మగా.

ఇంట్లో పానా జారితే వేలు పోతుంది, అంతే. పానా అంటే భయం ఏమిటో చూడాలంటే ఎండాకాలంలో పరకాల దిక్కో, నర్సంపేట దిక్కో బోరు మోటరు లేపే దగ్గర నిలబడాలి. 300 అడుగుల లోతులో మోటరు ఉంటుంది. దాన్ని మోసేది 20 అడుగుల జీఐ పైపులు, ఒకదానికొకటి మరలతో బిగించినవి, లెక్కకు పదిహేను. మూడు కర్రలు, గొలుసు పుల్లీ కట్టి ఒక్కో పైపు పైకి లాగుతారు. పైపు పైకి రాగానే కింది పైపు మెడకు క్లాంపు బిగించి బోరు మూతి మీద ఆనిస్తారు. అప్పుడు రెండు పానాలు పడతాయి. ఒకటి కింది పైపును కదలకుండా పట్టుకునేది, రెండోది పై పైపును విప్పేది. ఒకే పానాతో తిప్పితే ఏ అతుకు విడిపోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. కింద కనిపించని అతుకు విడిందంటే మిగిలిన పైపులు, మోటరు, తీగ, రైతు చేసిన అప్పు అన్నీ బోరులోకి పోతయి. కింది పానా పట్టుకున్న మనిషి మాట్లాడడు, బీడీ తాగడు. అట్లాంటి చోట ఒక పెద్దమనిషిని "ఒక్క నిమిషం వదిలి నీళ్లు తాగరాదు?" అని అడిగితే ఆయన అన్న మాట: "పానం ఇడిసినా పానా ఇడువద్దు బిడ్డా." మన దగ్గర ప్రాణం పానమే కదా, ఆ మాట బాగా అతికింది.

బిగించేటప్పుడు కూడా ఆ అతుకులు గట్టిగా ఉండాలి. మోటరు స్టార్టయిన ప్రతిసారీ ఒక కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపు పైపులను తిప్పడానికి చూస్తుంది. వదులుగా ఉన్న మర రోజుకింత విడుతూ పోతుంది. ఈ బాధ పడలేకనే చాలామంది నల్లటి ప్లాస్టిక్ పైపుకు మారారు. మూతి నుంచి మోటరు దాకా ఒకటే పైపు, మధ్యలో అతుకు లేదు, పానా పని పైనా కిందా రెండు చోట్లే.

ఇళ్లల్లోనూ అదే జరుగుతోంది. సీపీవీసీ పైపును కత్తిరించి, జిగురు పూసి, దూర్చి, కాసేపు పట్టుకుంటే అయిపోయింది. మర లేదు, పళ్లు లేవు, తిప్పుడు లేదు. గోడలో పానా తగిలేది నల్లా బిగించే ఇత్తడి ముక్క దగ్గర మాత్రమే. ఇప్పటి మేస్త్రీల సంచీలో కట్టరు, జిగురు డబ్బా పైన ఉంటయి, పైపు పానా అడుగున ఉంటుంది.

ఈ లెక్కలన్నీ తేలినంక మళ్లీ అదే దుకాణానికి పోయి గట్టిగా చెప్పాను: "పన్నెండు ఇంచుల పైపు పానా." ఈసారి ఆయన వెంటనే లేచాడు. పానా తీసి బల్ల మీద పెట్టి, చేయి దానిమీదనే ఉంచి అడిగాడు.

"ఇంట్లో ఏ పైపు సార్? జీఐనా, సీపీవీసీనా?"

"సీపీవీసీ."

"మరి ఇది దేనికి సార్?" అని మళ్లీ లోపల పెట్టి, ఒక స్క్రూ పానా తీసిచ్చాడు.